పేరు పెట్టే ముందు

ఒక వస్తువు పేరు తెలియడమూ, ఆ వస్తువు తెలియడమూ ఒకటేనని మనలో చాలామంది భావిస్తూ ఉంటాము. మన పరీక్షా విధానం ఈ భ్రమను తొలగించడానికి బదులు బలపరుస్తున్నది. ప్రయోగ పరీక్షనాడు బల్లమీద ఉంచిన నమూనా ఎదుట విద్యార్థి నిలబడతాడు. దాని పేరు వ్రాస్తే మార్కు వస్తుంది. దానిని పది నిమిషాలు శ్రద్ధగా పరిశీలించి, చూచినదంతా వర్ణించి, పేరు మాత్రం తోచలేదని వ్రాస్తే సున్న వస్తుంది. ఇది సరికాదని నా అభిప్రాయం. చూడకుండా పెట్టిన పేరుకంటె, చూచి "పేరు తెలియలేదు" అని వ్రాసిన వర్ణన ఎన్నో రెట్లు విలువైనది. ఈ మాటను నిరూపించడానికి అడవిలో కాళ్ళక్రింద పడి ఉండే, ఆవగింజంత ప్రమాణం గల కొన్ని శిలీంధ్రాలను సాక్షులుగా పిలుస్తున్నాను.

తెలుగు బోధించేవానికి శిలీంధ్రాలతో పని ఏమి అని వృక్షశాస్త్ర శాఖలోని మిత్రులు అడుగవచ్చు. నామకరణం భాషకు సంబంధించిన పని. పేరు ఎప్పుడు సత్యమవుతుంది, ఎప్పుడు అసత్యమవుతుంది అన్న ప్రశ్న శాస్త్రజ్ఞునికి ఎంత ముఖ్యమో, భాషను ఉపాసించేవానికీ అంతే ముఖ్యం.

శిలీంధ్రం అనగానే మనకు గొడుగు ఆకారం స్ఫురిస్తుంది. పుట్టగొడుగు, కుక్కగొడుగు అని మన తెలుగువారు పెట్టిన పేళ్ళన్నీ ఆ ఆకారాన్ని చూచి పెట్టినవే. కాని గొడుగు పట్టని శిలీంధ్రాలు అనేకం కలవు. వాటిలో ఒక పెద్ద తెగ గిన్నె ఆకారం దాల్చినది. కుళ్ళిన కొమ్మమీద, రాలిన ఆకు ఈనెమీద, తడిసిన పేడమీద, నాచు మధ్య ఇవి పుట్టుకొని వస్తాయి. కొన్ని అరచేతి వెడల్పున ఉంటాయి. అత్యధిక సంఖ్యాకములు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. కొన్నిటికి కాడ ఉంటుంది, కొన్ని ఆధారానికి అంటుకొని కూర్చుంటాయి. తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు, గోధుమ, నీలిపచ్చ వంటి రంగులన్నీ వీటిలో కనబడతాయి. తెలుగులో వీటిని గిన్నె శిలీంధ్రాలు అనవచ్చు. ఉర్దూలో పియాలా అన్న అందమైన మాట ఉండనే ఉన్నది. బూజును ఫఫూందీ అంటాము కనుక, పియాలా ఫఫూందీ అంటే మన ఉర్దూ విద్యార్థులకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ గిన్నె లోపలి తలమే దాని ప్రాణస్థానం. అక్కడ సన్నని సంచులు వేల సంఖ్యలో, అరలో పేర్చిన సీసాలవలె నిలువుగా నిలబడి ఉంటాయి. వీటిని ఆస్కస్‌లు అంటారు. ప్రతి సంచిలోను సాధారణంగా ఎనిమిది సిద్ధబీజాలు ఉంటాయి. సంచిలో నీటి ఒత్తిడి పెరిగి, కొన తెరచుకొని, సిద్ధబీజాలు గాలిలోనికి విసరివేయబడతాయి. కొన్ని పెద్ద జాతులను తాకినప్పుడు సిద్ధబీజాలు ఒక్కసారిగా పైకి లేచి పొగవలె కనబడతాయి. ఇంతటి యంత్రాంగం ఆవగింజంత స్థలంలో ఇమిడి ఉన్నది.

ఇక వీటిని గుర్తించడం ఎట్లు? మన డిగ్రీ పాఠ్యగ్రంథాలలో ఉదాహరణకు తీసుకొనే గిన్నె శిలీంధ్రం సాధారణంగా పెజైజా. అందువల్ల గిన్నె ఆకారం కనబడితే చాలు, విద్యార్థి కలం పెజైజా అని వ్రాసివేస్తుంది. ఇంకొందరు సెల్‌ఫోనులో ఫోటో తీసి, దానికి పోలిన మరొక ఫోటో కనుగొని, దానిక్రింద ఉన్న పేరును తమ రికార్డులోనికి దించుకొంటారు. తెల్లనివన్నీ పాలు కావు అని మన పెద్దలు ఊరకే అనలేదు. గిన్నె శిలీంధ్రాల విషయంలో ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది.

తడిసిన కర్రమీద పెరిగే స్కుటెల్లీనియాను చూడండి. ఎర్రని గిన్నె అంచున కనురెప్పల వెంట్రుకలవంటి నల్లని రోమాలు ఉంటాయి. ఒకసారి చూచినవారు మరువలేరు. కనుక దానిని గుర్తించడం సులభమని అనుకొంటాము. కాని ఇదే రూపం, ఇదే రంగు గల జాతులు ఆ ప్రజాతిలో అనేకం ఉన్నాయి. రోమం పొడవు, దాని మొదలు వేళ్ళవలె చీలి ఉన్నదా లేదా, సిద్ధబీజం పైతలంమీద ఉండే బుడిపెల తీరు ఎటువంటిది అని సూక్ష్మదర్శినిలో చూడనిదే జాతి తేలదు. కర్రను నీలిపచ్చ రంగుకు మార్చివేసే క్లోరోసిబోరియా విషయమూ ఇంతే. ఇది పట్టిన ఓక్ కర్రను ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జి ప్రాంతపు చెక్కపని కళాకారులు అలంకారానికి వాడేవారు. కంటికి ఒకే విధంగా కనబడే రెండు జాతులను వేరుచేయడానికి సిద్ధబీజాల కొలత చూడవలసి ఉంటుంది. ఆ కొలతలోని తేడా కొద్ది మైక్రోన్లు. మైక్రోను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

పరీక్ష అంతటితో ముగియదు. సంచి కొనకు మూత ఉన్నదా లేదా అన్నది చూడాలి. కొన్నిటిలో సంచి కొన డబ్బా మూతవలె తెరచుకొంటుంది; కొన్నిటిలో సన్నని రంధ్రం మాత్రమే ఏర్పడుతుంది. ఫ్రాన్సు దేశపు ఎమీల్ బూదియే అనే ఔషధ వ్యాపారి 1885లో ఈ భేదాన్ని గిన్నె శిలీంధ్రాల వర్గీకరణకు ఆధారంగా నిలబెట్టాడు. వృత్తి మందుల దుకాణం, ప్రవృత్తి సూక్ష్మదర్శిని. ఆయన చూపిన భేదం నేటికీ ఉపయోగంలో ఉన్నది. తరువాత అయోడిను పరీక్ష చేయాలి. అయోడిను ద్రావణం తగిలినప్పుడు కొన్ని జాతుల సంచి కొన నీలమవుతుంది, కొన్నిటిలో ఏ మార్పూ ఉండదు. ఏ అయోడిను ద్రావణం వాడాము అన్నది సైతం ముఖ్యమేనని జర్మనీకి చెందిన హాన్స్ ఓటో బరాల్ 1987లో నిరూపించాడు. శిలీంధ్ర పరిశోధకులు విరివిగా వాడుతూ వచ్చిన మెల్జర్ ద్రావణంలో ఏమీ జరుగనట్లు కనబడిన కొన్ని సంచులు, లూగాల్ ద్రావణంలో స్పష్టంగా రంగు మారుతాయి. ఆయనే 1992లో మరొక విషయాన్ని నొక్కి చెప్పాడు. ఎండిన నమూనాలో కణాలు ముడుచుకొనిపోతాయి, లోపలి బిందువులు మాయమవుతాయి, కొలతలు మారుతాయి. కనుక శిలీంధ్రం జీవించి ఉండగానే, నీటిలో ఉంచి పరిశీలించాలి అన్నాడు. దాచి పెట్టుకొన్న శవాన్ని చూచి బ్రతికినవాని నడక ఎట్టిదో చెప్పలేము గదా.

ఇన్ని చిక్కులు పడి, ఒక మిల్లీమీటరు గిన్నెకు సరియైన పేరు పెట్టినందువల్ల లోకానికి ఒరిగేది ఏమి అని అడిగేవారు ఉంటారు. కళాశాల కమిటీలోని పెద్దలు ఈ ప్రశ్న వేస్తే అది న్యాయమైన ప్రశ్నే. దానికి యూరపు అడవులే సమాధానం చెప్పగలవు.

యూరపులో ఆష్ అనే గొప్ప వృక్షం కలదు. అది మన మల్లె కుటుంబానికే చెందినది. దాని కర్రతో గొడ్డలి పిడులు, హాకీ కర్రలు చేస్తారు. దాని ఆకు మన వేపాకువలె ఒకే ఈనెకు ఇరువైపుల చిరుపత్రాలు గలది. 1992 ప్రాంతంలో పోలండు దేశంలో ఈ చెట్లు కొనలనుండి ఎండిపోవడం గమనించారు. ఆకులు వాడి నల్లబడేవి, కొమ్మల బెరడుమీద మచ్చలు లేచేవి, క్రమంగా చెట్టే చచ్చిపోయేది. ఈ రోగం ఒక దేశంనుండి మరొక దేశానికి ప్రాకింది. కారణం ఏమిటో చాలా సంవత్సరాల వరకు తేలలేదు. 2006లో తదేవుష్ కోవాల్స్కి అనే పోలిష్ శాస్త్రజ్ఞుడు రోగగ్రస్తమైన కొమ్మలలో దొరికిన ఒక శిలీంధ్రాన్ని వర్ణించి, దానికి కలారా ఫ్రాక్సినియా అని పేరు పెట్టాడు. అది ఆ శిలీంధ్రపు అలైంగిక దశ మాత్రమే. లైంగిక దశలో అది ఏ రూపం ధరిస్తుంది అన్నది మిగిలిన ప్రశ్న.

2009లో దానికి సమాధానం వచ్చింది. క్రిందటి సంవత్సరం నేలరాలిన ఆష్ ఈనెలమీద వేసవిలో మొలిచే చిన్న తెల్లని గిన్నెలే దాని లైంగిక దశ అని తేలింది. ఆ తెల్లని గిన్నె యూరపు శాస్త్రజ్ఞులకు క్రొత్తది కాదు. హైమెనోస్కైఫస్ ఆల్బిడస్ అన్న పేరుతో పందొమ్మిదవ శతాబ్దంనుండి గ్రంథాలలో ఉన్నది. అది రాలిన ఆకులను కుళ్ళజేసి మట్టిలో కలిపే పూతికాహారి. ఎవరికీ హాని చేసిన చరిత్ర లేదు. అయినప్పటికీ రూపం సరిపోయింది, ఈనె సరిపోయింది, తెలుపు సరిపోయింది. పేరు పెట్టివేశారు.

ఈ పేరు ఫలితం పుస్తకాలలోనే ఆగిపోలేదు. రోగకారకం స్వదేశీ జీవి, ఎప్పటినుండో మన అడవులలోనే ఉన్నది అన్న నిర్ణయం దానితోపాటు వచ్చింది. ఇంటిలోనే కాపురమున్న జీవిని సరిహద్దు దగ్గర ఎట్లా ఆపుతారు? బ్రిటనులో మొక్కల దిగుమతిని నిషేధించాలన్న సూచన 2009లోనే వచ్చినా, ఈ కారణంగానే అది ముందుకు సాగలేదు. విదేశీ నర్సరీలనుండి ఆష్ మొక్కలు వస్తూనే ఉన్నవి.

2011లో, జన్యు పరీక్షల ఆధారంతో, అసలు సంగతి ప్రకటితమయినది. కంటికి ఒకటిగా కనబడుతున్న ఆ తెల్లని గిన్నెలు నిజానికి రెండు వేర్వేరు జాతులు. ఒకటి నిరపాయమైన ఆల్బిడస్. రెండవది చెట్లను చంపుతున్న క్రొత్త జాతి. ముందుగా పెట్టిన పేరును సరిదిద్దిన ఆ పరిశోధక బృందంలో, 2009లో ఆ పేరు పెట్టినవారు కూడా ఉన్నారన్నది ప్రత్యేకించి గమనింపదగిన విషయం. తాము వ్రాసినదానిని తామే మళ్ళీ పరీక్షించి, కాదని లోకానికి చెప్పారు. శాస్త్రానికి గౌరవం తెచ్చేది ఇటువంటి నడవడియే. మరుసటి సంవత్సరం ఈ హంతక జాతి జపానులో మంచూరియా ఆష్ చెట్టుమీద చిరకాలంగా ఉన్నదేనని, అక్కడ వేరొక పేరుతో నమోదయి ఉన్నదని వెల్లడియైనది. తూర్పు ఆసియాలోని తన సహజ ఆతిథేయ వృక్షంతో అది సర్దుకొని బ్రతుకుతున్నది. యూరపు చెట్టుకు దానిని ఎదిరించే అలవాటు లేకపోవడమే వినాశానికి కారణం. 2014లో దానికి హైమెనోస్కైఫస్ ఫ్రాక్సినియస్ అన్న పేరు స్థిరపడింది.

బ్రిటనులో ఈ రోగం మొదటిసారి 2012 ఫిబ్రవరిలో ఒక నర్సరీలోని దిగుమతి మొక్కలలో నిర్ధారణ అయినది. మొక్కల దిగుమతిపై నిషేధం అదే సంవత్సరం అక్టోబరు 29న అమలులోనికి వచ్చింది. అప్పటికే అడవులలో రోగం కనబడింది. నిషేధం ముందే వచ్చి ఉంటే రోగం రాకుండా పోయేదని నేను అనను. సిద్ధబీజాలు గాలిలో ప్రయాణిస్తాయి. గాలికి సుంకపు చౌకీలు లేవు. కాని ఒక తొందరపాటు పేరు ఆలోచనకు తలుపు మూసి, సంవత్సరాల కాలాన్ని హరించినదన్నది మాత్రం సత్యం.

అంతకంటె విచారకరమైన విషయం మరొకటి ఉన్నది. క్రొత్త జాతి అడుగుపెట్టిన తరువాత, ఏ పాపమూ ఎరుగని ఆ పాత ఆల్బిడస్ డెన్మార్కులో తాను ఉండిన చోట్ల సైతం కనబడకుండా పోయిందని 2012లో అక్కడి పరిశోధకులు తెలిపారు. ముందు నింద మోసినది అదే, తరువాత చోటు కోల్పోయినదీ అదే. రూపంలో పోలిక ఉన్నదన్న ఒక్క కారణంతో ఒకరి దోషం మరొకరికి అంటగట్టడం శిలీంధ్ర లోకానికే పరిమితమైన విషయం కాదని ఈ కళాశాల విద్యార్థులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతకూ ఈ రెండు గిన్నెలను సూక్ష్మదర్శినిలో వేరుచేయడం సాధ్యమేనా? సాధ్యమే. సంచి అడుగుభాగంలో ఫ్రాక్సినియస్‌కు కొక్కెంవంటి చిన్న వంపు ఉంటుంది, ఆల్బిడస్‌కు ఉండదు. ఈ భేదాన్ని 2014లో వివరంగా ప్రచురించినవారిలో పైన చెప్పిన బరాల్ ఒకరు. అడవి ప్రాణం ఒక కొక్కెం మీద వ్రేలాడినదంటే అతిశయోక్తి కాదు. ఆ కొక్కెం చూడడానికి కోట్ల రూపాయల యంత్రం అవసరం లేదు. మంచి సూక్ష్మదర్శిని, నిలుకడ గల చూపు, పేరుకోసం తొందరపడని మనస్సు చాలును.

"తెలియదు" అన్న మాటను మన విద్యార్థులు అవమానంగా భావిస్తున్నారు. మన సంప్రదాయాలు అట్లు భావించలేదు. పవిత్ర ఖురానులోని ఆదము కథను స్మరించండి. అల్లాహ్ ఆదముకు సమస్తమైన పేళ్ళను నేర్పి, ఆ వస్తువుల పేళ్ళు చెప్పుమని దేవదూతలను అడిగినప్పుడు, వారు ఊహించి ఏదో ఒకటి చెప్పలేదు. తమకు నేర్పబడినంత మేరకే తమ జ్ఞానమని వినయంతో ఒప్పుకొన్నారు. పేరు చెప్పిన ఆదముకు గౌరవం దక్కింది నిజమే. కాని తెలియదన్న దేవదూతలకు అగౌరవం కలుగలేదు. మన ముఫ్తీలు ఎంతటి పండితులైనా తమ తీర్పు చివర వల్లాహు ఆలమ్ అని, అంటే అల్లాహ్‌కే బాగుగా తెలియునని వ్రాసి ముగిస్తారు. భారతీయ న్యాయదర్శనం సైతం తాను చెప్పిన పదహారు పదార్థాలలో సంశయానికి ఒక స్థానం ఇచ్చింది. సంశయం నిర్ణయానికి శత్రువు కాదు, అది నిర్ణయానికి మొదటి మెట్టు.

అయితే "తెలియదు" అన్న మాట బద్ధకానికి మారుపేరు కారాదు. చూడకుండా తెలియదనడం సోమరితనం. చూచి, కొలిచి, వ్రాసి, ఇంతవరకు తెలిసినది, ఇక్కడినుండి తెలియదు అని గీత గీయడం విద్య. ఎక్కడ దొరికింది, ఏ నెలలో దొరికింది, ఏ చెట్టు కొమ్మమీద పుట్టింది, కొమ్మ బెరడుతో ఉన్నదా లేదా, గిన్నె వెడల్పు ఎంత, అంచు ఎట్లున్నది, రోమాలు ఉన్నవా, కాడ ఉన్నదా, తడిసినప్పుడు ఏ రంగు, ఎండినప్పుడు ఏ రంగు అన్న ప్రశ్నలకు వ్రాసిన సమాధానాలు పేరు లేకున్నా పనికివస్తాయి. పేరును రేపు మరొకరు పెట్టగలరు. ఈ రోజున చూడని విషయాన్ని రేపు ఎవరూ చూడలేరు. మన దేశ శిలీంధ్రాల పట్టికను బట్లర్, బిస్బీ అనే శాస్త్రజ్ఞులు 1931లో గ్రంథంగా ప్రచురించగలిగారంటే, ఎందరో సేకరించి, ఎండబెట్టి, చీటీ వ్రాసి భద్రపరచిన నమూనాలే అందుకు ఆధారం.

కనుక ప్రయోగ పరీక్షలలో పేరుకు ఒక పాలు, పరిశీలనకు మూడు పాళ్ళు మార్కులు ఇచ్చే పద్ధతిని కనీసం మన అంతర్గత పరీక్షలలోనైనా ప్రవేశపెట్టాలని అధ్యాపక మిత్రులను కోరుతున్నాను. సరియైన వర్ణన వ్రాసి పేరు వదలివేసిన విద్యార్థికి, వర్ణన లేకుండా పేరు మాత్రం వ్రాసినవానికంటె ఎక్కువ మార్కులు రావాలి. కమిటీ పెద్దలకు నా విన్నపం స్వల్పమైనది. విద్యార్థికి ఒకటి చొప్పున పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, నమూనాలు దాచడానికి కాగితపు పొట్లాలు, ఒక నమోదు పుస్తకం. ఇంతకుమించి అవసరం లేదు. ఆ పుస్తకంలో వర్ణన తెలుగులోనో ఉర్దూలోనో వ్రాయడానికి విద్యార్థులకు స్వేచ్ఛ ఇవ్వండి. పరభాషలో కంఠస్థం చేసిన వాక్యాన్ని చూడకుండానే వ్రాయవచ్చు. అమ్మ నేర్పిన భాషలో వర్ణించాలంటే తప్పనిసరిగా వస్తువువైపు చూడవలసి వస్తుంది.

విద్యార్థులారా, ఇందుకు సుదూర ప్రాంతాలకు పోనక్కరలేదు. నల్లమల వంటి రక్షిత అడవిలో అటవీశాఖ అనుమతి లేనిదే దేనినీ సేకరించరాదు. చూడడానికి, వ్రాసుకోవడానికి మాత్రం అభ్యంతరం ఉండదు. వర్షాకాలంలో మన ఆవరణలోని చెట్లక్రింద రాలిన పుల్లలను తిప్పి చూడండి. పిడికెడు ఆవుపేడను తడి కాగితంమీద ఉంచి గాజుపాత్రతో మూసి, కొన్నాళ్ళు ఓపికతో వేచి ఉండండి. ఆస్కోబోలస్ వంటి చిన్న గిన్నెలు దానిమీద తలయెత్తే అవకాశం ఉన్నది. ఎత్తినవి నిజంగా ఆస్కోబోలస్ అవునా కాదా అని మాత్రం నన్ను అడుగకండి, పుస్తకంలోని బొమ్మను కూడా అడుగకండి. ముందు ఆ గిన్నెనే అడగండి. అది చెప్పినంత వ్రాయండి. చెప్పనిచోట ఖాళీ వదలండి. ఆ ఖాళీ మీ అజ్ఞానానికి గుర్తు కాదు, మీ నిజాయితీకి గుర్తు.